బ్రౌన్ కోటు శవం

పోస్టులో వచ్చిన మా నాన్నను పక్కింటి బోలెక్ మామ దొంగిలించాడు.

చూడ్డానికి అది చిన్న అట్టపెట్టె. లోపల ఉన్నది ఒక సినిమా డిస్కు. కానీ మా అమ్మ వెరోనాకు మాత్రం అందులో ఉన్నది మా నాన్నే. నాకు రెండేళ్ళప్పుడు ఉక్కు మిల్లులో క్రేను గొలుసు తెగి ఆయన పోయాడు. ఫొటోలు ఏడో ఎనిమిదో ఉన్నాయి. అన్నింట్లోనూ ఎవరో తుపాకీ గురిపెట్టినట్టు ఊపిరి బిగబట్టి నిలబడి ఉంటాడు. కదిలే నాన్న లోకం మొత్తం మీద ఒక్కచోటే ఉన్నాడు. ఒక జాంబీ సినిమాలో, పదకొండు సెకన్ల పాటు, కాలీడ్చుకుంటూ నడిచే శవం వేషంలో.

ఆ సినిమాను 1974లో మా ఊరవతల పాలవాళ్ళ పొలంలో తీశారు. పిట్స్‌బర్గ్‌లో పెళ్ళిఫొటోలు తీసుకునే కుర్రాడొకడు కెమెరా అద్దెకు తెచ్చి, చచ్చినవాళ్ళు లేచి బతికినవాళ్ళను పీక్కుతినే కథ తీస్తానని వచ్చాడు. వాడికి శవాలు కావాలి. మా వాళ్ళకు మిల్లులో రాత్రి షిఫ్టు దిగాక పగలంతా ఖాళీ. పైగా నిద్రలేక ముఖాలన్నీ అప్పటికే సిద్ధంగా ఉండేవిట, రంగు కూడా పెద్దగా పూయక్కర్లేకపోయింది. అది ఎవరూ అనుకోనంత పెద్ద సినిమా అయి కూర్చుంది. ఇవాళ్టికీ ఎక్కడెక్కడి కుర్రాళ్ళో వచ్చి ఆ పశువుల కొట్టం ముందు నాలుకలు బయటపెట్టి ఫొటోలు దిగి పోతుంటారు. మా ఊళ్ళో డెబ్బై దాటిన ప్రతివాడూ రిటైరైన శవమే.

1984లో దాని క్యాసెట్టు వచ్చింది. అప్పట్నుంచీ మా అమ్మ ఏటా పెళ్ళిరోజున మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ క్యాసెట్టు పెట్టుకుని, కొట్టం తలుపు దగ్గర బ్రౌన్ కోటు శవం రాగానే లేచి టీవీ దగ్గరకు వెళ్ళేది. "వాసిల్, బాగున్నావా? నాడ్యా నాలుగో తరగతికొచ్చింది." "నాడ్యా బస్సు లైసెన్సు తెచ్చుకుంది వాసిల్." "నాడ్యా మొగుణ్ణి వదిలేసింది, మంచిపని చేసింది." ఇలా ఏడాది సంగతులన్నీ పదకొండు సెకన్లలో చెప్పడం ఆమెకు బాగా అలవాటైపోయింది. చివర్లో వేళ్ళు ముద్దుపెట్టుకుని తెరకు తాకించేది. నాకు పదేళ్ళప్పుడు అది చూసి సిగ్గేసేది. నలభై దాటాక తలుపు వేసి ఆమెను ఒంటరిగా వదిలేసేదాన్ని. టేపు అరిగి అరిగి, ఆ పదకొండు సెకన్లూ తెర మీద వాన కురిసేది. కోటు తప్ప ఇంకేమీ ఆనేది కాదు. మూడేళ్ళ కింద అదీ తెగిపోయింది.

అందుకని, యాభయ్యేళ్ళ పండగ పేరుతో పాత నెగెటివ్ కడిగి కొత్త డిస్కు తెస్తున్నారని తెలిసినప్పుడు అమ్మకు కాళ్ళు నేల మీద ఆగలేదు. "ప్రతి శవం ముఖం మీదా ప్రతి వెంట్రుకా కనిపిస్తుంది" అని ప్రకటనలో ఉంది. లెంటు ఉపవాసాల్లో మాంసం ముట్టని శుక్రవారం ఫైర్ స్టేషన్ హాల్లో ఊరంతా చేపల వేపుడు తింటుంటే, ఆమె ఆ వాక్యాన్ని బల్ల బల్లకూ వెళ్ళి చదివి వినిపించింది. బోలెక్ మామ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది.

ఆ రోజునుంచీ మామ తేడాగా ఉన్నాడు. అంత స్పష్టమైన బొమ్మ చూస్తే కళ్ళల్లో పొరలొస్తాయని మా అమ్మకు చెప్పాడు. ఉపవాసాల రోజుల్లో ఇలాంటి సినిమా చూడొచ్చా అని ఫాదర్‌ను అడిగాడు. ఆయన తనకూ ఒకటి తెప్పించిపెట్టమన్నాడు. శనివారం పొద్దున పొట్లం మా వరండాలో పెట్టినట్టు ఫోనులో ఫొటోతో సహా మెసేజీ వచ్చింది. వెళ్ళి చూస్తే వరండా ఖాళీ. కంచె అవతల మామ మంచు తోడుతున్నాడు. ఆ వారం మంచు పడనేలేదు.

"మామా..." అన్నానో లేదో,

"నేనే పొట్లమూ చూళ్ళేదు!" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది వ్యవహారం. నేను పార అందుకుని పక్కన పెట్టి ఆయన్ను గ్యారేజీలోకి తీసుకెళ్ళాను. ఇరవై రెండేళ్ళుగా స్కూలు బస్సు నడుపుతున్నదాన్ని. అబద్ధమాడే ముఖాలను అద్దంలో చూస్తూ బండి తోలినదాన్ని.

"ఎక్కడుంది?"

"చేపల పెట్టెలో. గాలాల కింద."

"ఎందుకు తీశావు? డెబ్బై ఆరేళ్ళొచ్చాయి, ఇదేం పాడుబుద్ధి?"

మామ తలకిందులు చేసిన బకెట్టు మీద కూలబడ్డాడు. కండలు కరిగిపోయినా మనిషి ఇంకా తలుపంత ఉంటాడు. ముక్కు చిన్నప్పుడెప్పుడో ఫుట్‌బాల్ ఆటలో రెండుచోట్ల విరిగి, బాటసారికి దారి చూపిస్తున్నట్టు ఒక పక్కకు తిరిగి ఉంటుంది.

"అమ్మడూ, ఆ కోటులో ఉన్నది మీ నాన్న కాదు. నేను."

నాకు వెంటనే ఎక్కలేదు. "ఏ కోటు?" అన్నాను.

"ఏ కోటేమిటే! మార్చి నెల, ఎముకలు కొరికే చలి. నాకు ఒంటిమీద చిరుగుల స్వెట్టరు తప్ప లేదు. వణికి చస్తుంటే వాసిల్ కోటు విప్పి నాకిచ్చాడు. 'కొలిమి దగ్గర పనిచేసేవాణ్ణి, నాకు చలేంట్రా' అన్నాడు. ఆ కోటుతోనే నేను తలుపులోంచి నడిచొచ్చాను. కుంటుతూ నడవమంటే నడిచాను."

"మరి మా నాన్న?"

"కొట్టం లోపల ఉన్నాడు. పేగులు తినే గుంపులో, వెనక. అక్కడంతా చీకటి. సినిమాలో చేతులూ వీపులూ తప్ప ఎవడి మొహమూ కనపడదు. నేనూ ఎన్నోసార్లు వెతికాను."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు మామా?"

"ఎలా చెప్పనే? ఊళ్ళో మొదటి వీసీఆర్ నాదే కదా. మీ అమ్మ మా ఇంట్లోనే చూసింది మొదటిసారి. మీ నాన్న పోయాక ఏడేళ్ళు ఆ మనిషి నవ్వింది లేదు. కోటు కనపడగానే 'అదిగో నా వాసిల్!' అని చప్పట్లు కొట్టి నవ్వింది. నోరు పెగల్లేదు. రేపు చెబుదాంలే అనుకున్నా. మర్నాడు పొద్దున నాకు అక్రోట్ల కేకు చేసి తెచ్చింది." ముక్కు గీరుకుని, "మంచి కేకు" అన్నాడు.

నాకు చాలా కోపమొచ్చింది. మా అమ్మకు ఉన్నదే పదకొండు సెకన్ల మొగుడు. రేపు పెళ్ళిరోజు, మధ్యాహ్నం ఆ కాస్తా పోతాడు. డిస్కు నా సంచీలో వేసుకున్నాను. ప్లేయర్ పాడైందని చెబుదామా, పోస్టు పోయిందని చెబుదామా అని ఆలోచిస్తూ ఇంటికెళితే, అమ్మ అప్పటికే హాల్లో కుర్చీలు సర్దేసి, పిరోగీ కజ్జికాయల్లో కూరడానికి బంగాళాదుంపలు ఉడకేసి, తన స్నేహితురాలు ఇర్మాకు ఫోను చేసి ఆదివారం మధ్యాహ్నం రమ్మని చెప్పేసింది. నా సంచీ వైపు చూసి "వచ్చిందా?" అంది. ఆ కళ్ళు చూశాక అబద్ధం ఎలా ఆడతాను? వచ్చిందన్నాను.

మింగలేక కక్కలేక ఆ రాత్రి గడిపాను. పొద్దున్నే చెప్పేద్దామనుకున్నాను. ఆమె జుట్టుకు రంగు వేసుకుంటూ కనిపించింది. మొగుడికి తను స్పష్టంగా కనిపించదని తెలిసినా వేసుకుంటోంది. రంగు గిన్నె పట్టుకుని పక్కన నిలబడ్డాను.

ఆదివారం రెండింటికి ఇర్మా వచ్చింది. అమ్మా ఆవిడా అరవై ఏళ్ళుగా చర్చి వంటగదిలో పక్కపక్కనే పిండి పిసుకుతూ పోట్లాడుకుంటున్నారు. ఆవిడ వెనకాలే బోలెక్ మామ, ఉరికంబం ఎక్కేవాడిలా మెడకు టై కట్టుకుని వచ్చాడు.

"ఏమయ్యా బోలెక్, ఎవరైనా పోయారా?" అంది ఇర్మా.

"ఇంకా లేదు" అన్నాడు మామ.

సినిమా మొదలైంది. నిజంగానే ప్రకటన అబద్ధం చెప్పలేదు. ఒక్కొక్క శవం ముఖం మీద పిండిపూత పగుళ్ళతో సహా కనిపిస్తోంది. ఇర్మా వరసగా పేర్లు చదవడం మొదలెట్టింది. "అదిగో మాంసం కొట్టు వాల్టర్. ఆ పక్కన వాళ్ళావిడ, అప్పుడే ఎంత లావో చూడు. అయ్యో, అది నేనే! ఏమే, నేను అంత బాగుండేదాన్నా? మీరెవరూ చెప్పలేదేం?" అమ్మ నవ్వుతోంది కానీ ఆమె కళ్ళు ఎదురుచూస్తున్నాయి. ఒడిలో చేతులు పట్టుకుని, పెళ్ళికూతురిలా నిటారుగా కూర్చుంది.

కొట్టం తలుపు తెరుచుకుంది. బ్రౌన్ కోటు బయటికొచ్చింది. వాన లేదు, మసక లేదు. అమ్మ లేచి తెర దగ్గరకు వెళ్ళింది. వేళ్ళు పెదాల దాకా తెచ్చింది.

"అది బోలెక్ ముక్కు కాదూ?" అంది ఇర్మా.

అమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. శవం కుంటుతూ నాలుగడుగులు వేసి, తెర అంచున తల తిప్పి వెళ్ళిపోయింది. వంకర ముక్కు అన్ని వైపుల నుంచీ చక్కగా కనిపించింది. నేను సినిమా ఆపాను. మామ నేల చూస్తూ, చలికి కోటిచ్చిన సంగతి మొత్తం, ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. అమ్మ వంటింట్లోకి వెళ్ళింది.

వెనకాలే వెళ్ళాను. కడిగి బోర్లించిన పళ్ళాలు మళ్ళీ కడుగుతోంది.

"నలభయ్యేళ్ళు ఈ బోలెక్ గాడికా నేను ముద్దులు పెట్టింది?" అంది. నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చిందేమో, పెదవి అదిరింది. కానీ ఆ వెంటనే ముఖం మారిపోయింది. "కోటు సంగతి సరేనే. కోటు ఎవరైనా వేసుకుంటారు. నడక? ఆయన నడక నాకు తెలియదూ? మూడేళ్ళు రోజూ కిటికీలోంచి చూశాను ఆయన షిఫ్టు దిగి కొండెక్కి రావడం. ఎవడో నడుస్తుంటే అదే ఆయన నడక అనుకున్నానంటే, ఆయన్ను మర్చిపోయానన్నమాటే కదా నాడ్యా? ఎప్పుడు మర్చిపోయానో కూడా తెలీలేదు."

నాకైతే మర్చిపోవడానికి కూడా ఏమీ లేదు. ఆమె తడిచెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

హాల్లోంచి మామ కేక వినిపించింది. "వెరోనా! ఒక్కసారి రా! తర్వాత నన్ను తిట్టుకుందువుగానీ, ముందిటు రా!"

పాపం, అవమానం భరించలేక టీవీ కట్టేద్దామని రిమోటు మీద దొరికిన మీటలన్నీ నొక్కాడట. డిస్కు చివర్లో అదనంగా వేసిన భాగమేదో మొదలైంది. సినిమాలో వాడకుండా పారేసిన, చెడిపోయిన షాట్లు. తెర మీద అదే పశువుల కొట్టం. కానీ సినిమాలోలా చీకటి లేదు. దీపాలన్నీ వెలుగుతున్నాయి. మధ్యలో గడ్డి మీద చచ్చినట్టు పడుకున్న పిల్లా, ఆమె పొట్ట మీద ఎర్రటి పేగుల కుప్పా, చుట్టూ మా ఊరి శవాలూ.

"మన పేగులే!" అంది ఇర్మా.

ఆ పేగుల కథ నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఆ రోజు లెంటు శుక్రవారం. దర్శకుడు వాల్టర్ కొట్టునుంచి నిజం మాంసం తెప్పించి తినమన్నాడు. మనిషిని పీక్కుతినడానికి మా వాళ్ళకేం అభ్యంతరం లేదు గానీ, శుక్రవారం పూట మాంసం ముట్టేది లేదని అందరూ చేతులు కట్టుకు నిలబడ్డారు. ఫాదర్‌ను అడిగితే శవాలకైనా అదే నియమం అన్నాడు. చివరికి అమ్మా ఇర్మా మరో నలుగురూ చర్చి వంటగదిలో గోధుమపిండి పిసికి, తాళ్ళలా సాగదీసి ఉడికించి, బీట్‌రూట్ రసంలో నానేసి పంపారు.

తెర మీద దర్శకుడి గొంతు "కానివ్వండి!" అని అరిచింది. శవాలు గుర్రుమంటూ, చేతులు చాచుకుంటూ, కాళ్ళీడ్చుకుంటూ వచ్చి పేగుల చుట్టూ వంగాయి. వంగి ఆగాయి. ఆగి, పన్నెండు శవాలూ ఒక్కసారిగా తల వంచి సిలువ గుర్తు వేసుకుని, అప్పుడు పేగులందుకున్నాయి.

"ఆపండి! ఆపండి!" అని దర్శకుడు.

ఇర్మా నవ్వుతూ కుర్చీలోంచి జారిపోయింది. ఎదురుగా తిండి ఉంటే దండం పెట్టకుండా ఎలా ముడతారు? అమ్మలు చిన్నప్పుడు గరిటెతో కొట్టి నేర్పిన అలవాటు. చచ్చి లేచినంత మాత్రాన పోతుందా? రెండో షాటు. మళ్ళీ అదే. "చచ్చినవాళ్ళు భోజనానికి ముందు దండం పెట్టుకోరండీ, మీకు పుణ్యముంటుంది!" అంటూ దర్శకుడు ఏడుపుగొంతుతో బతిమాలుతున్నాడు.

"వెనక్కి పో" అంది అమ్మ.

ఆ గొంతు విని అందరం నవ్వాపేశాం. వెనక్కి తిప్పాను. శవాలు మళ్ళీ వచ్చి వంగాయి. అమ్మ తెర దగ్గరకు వెళ్ళి, బ్రౌన్ కోటు బోలెక్ భుజం వెనక, ముఖం కనపడని ఒక మనిషి చెయ్యి చూపించింది.

"అందరూ ఎడమ భుజం ముందు. ఆ చెయ్యి చూడు. కుడి భుజం ముందు, ఎడమ తర్వాత. వాళ్ళది కొండమీది గుడి కదా, తూర్పు క్రైస్తవులు, వాళ్ళ పద్ధతి అదీ. మా అమ్మ పెళ్ళికి ఒప్పుకోనిది అందుకే. 'దండమైనా తిన్నగా పెట్టడం రాదు, సంసారమేం చేస్తాడే' అంది. ఆ పన్నెండు మందిలో కొండమీది గుడి వాడు ఒక్కడే."

"ఒక్కడే" అన్నాడు బోలెక్ మామ. "నా వెనక నిలబడింది వాడే. ఆ చెయ్యి వాడిదే వెరోనా."

మూడో షాటు నడిచింది. ఈసారి అందరూ చేతులు బిగబట్టుకుని, దండం పెట్టకుండానే పేగుల మీద పడ్డారు. బోలెక్ భుజం వెనకనుంచి ఒక తల వంగి, నోటినిండా పిండిపేగు కరుచుకుని వెలుతుర్లోకి లేచింది. చొక్కా చేతులు మోచేతులదాకా మడిచి ఉన్నాయి. ముఖానికి బూడిద, గడ్డం మీద బీట్‌రూట్ రసం. దర్శకుడు బాగుందని అరవగానే ఆ మనిషి శవం కావడం మానేశాడు. భుజాలు వదులు చేసి, నములుతూ, కళ్ళు చిన్నవి చేసి, పక్కనున్న బోలెక్ చెవి దగ్గర, కెమెరా ఇంకా తిరుగుతోందని తెలియక,

"ఉప్పు మర్చిపోయింది మా ఆవిడ" అన్నాడు.

అని నవ్వి, ఇంకో ముక్క తెంపుకున్నాడు.

నాకు నలభై తొమ్మిదేళ్ళు. మా నాన్న గొంతు వినడం అదే మొదటిసారి. ఆయన భుజాలు చూసి లావుపాటి గొంతు అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. సన్నగా, కొంచెం ముక్కుతో మాట్లాడినట్టు ఉంది. నాలాగే ఉంది.

అమ్మ ఏడవలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని తెర ముందు నిలబడింది. వెనక్కి తిరక్కుండానే, "బోలెక్, గుమ్మం దగ్గర అలా నిలబడకు, కూర్చో. నాడ్యా, మళ్ళీ పెట్టు" అంది.

మళ్ళీ పెట్టాను. నాన్న మళ్ళీ నమిలాడు. ఉప్పు మర్చిపోయిందని మళ్ళీ చెప్పాడు.

"నేనెక్కడ మర్చిపోయాను?" అంది అమ్మ, తెరతో. ముఖం ఎర్రగా కందిపోయింది, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "ఉప్పేస్తే పిండికి రంగు పట్టదంది ఇర్మా. అది విని మానేశాను. వంక పెట్టడానికి నీకు నా వంటే దొరికిందా, శవం వేషంలో కూడా?"

"నేనా?" అంది ఇర్మా లేస్తూ. "నేనెప్పుడన్నానే ఆ మాట?"

"నువ్వు ఊరుకోవే. నేను మా ఆయనతో మాట్లాడుతున్నా."